ఏప్రాన్ బీరువాలో క్షేమంగా ఉంది

బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కలకు ఏప్రాన్లు, తలకు టోపీలు ఉండాలని కేంద్రం 2015లోనే మార్గదర్శకాల్లో రాసేసింది. రాశారు కాబట్టి ఉన్నట్టే. లేవని అనేవాళ్లు హెడ్మాస్టర్ గారి బీరువా తీసి చూడలేదన్నమాట. కవరు కూడా చింపకుండా, పథకం బొమ్మ పైకి కనబడేలా మడతపెట్టి ఉంటాయి. పెద్దసారు తనిఖీకి బయల్దేరారని ఫోన్ రాగానే బయటికొస్తాయి, ఫొటో దిగుతాయి, జీపు గేటు దాటగానే మళ్లీ లోపలికి. రోజూ తొడుక్కుంటే మాసిపోవూ?

ఇక రోజూ ఉండే డ్రెస్సు చూద్దాం. నైలాన్ చీర, కొంగు నడుముకు దోపి, పైన ఇంటాయన పాత చొక్కా. కట్టెల పొయ్యి మీద నుంచి గుండిగ దించాలంటే చెరోవైపు మసిగుడ్డ పట్టుకుని, పొగకి కళ్లు మూసుకుని, ఇద్దరూ ఒకేసారి ఎత్తాలి, ఎందుకంటే వంద మంది పిల్లల వరకు ఇద్దరే అని రూలు. గంజి వార్చేటప్పుడు పాదాల మీద పడితే? పడుతుంది మరి, వంటగదిలో చెప్పులేసుకుంటారా ఎవరైనా!

పైగా ఆ ఇచ్చిన ఏప్రాన్ పాలిస్టర్‌దైతే నిప్పురవ్వ తగలగానే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అది బీరువాలో ఉండటమే అక్కలకు రక్షణ. ఇంత ముందుచూపున్న శాఖని పట్టుకుని విమర్శిస్తున్నారు, మనుషులకి విశ్వాసం లేదు.

మరుగుదొడ్లు కడిగే ఆయమ్మకి యాసిడ్ సీసా చేతికిస్తాం, గ్లౌజులు మాత్రం వచ్చే బడ్జెట్‌లో. ఆంధ్రాలో పిల్లలకి కిట్‌లో బూట్లు, బెల్టు కూడా వస్తాయి కదా, పదో తరగతి సైజు ఓ జత మిగిలితే ఆవిడకిచ్చి చూడొచ్చు. (బెల్టు వద్దులెండి.)

సొంతంగా కొనుక్కోవచ్చుగా అని ఒక పెద్దమనిషి అడిగాడు. కొనుక్కోవచ్చు. వంటక్కల పారితోషికం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెలకు 3,000, కేంద్రం లెక్క 2009లో పెట్టిన వెయ్యి దగ్గరే ఉంది, మిగతాది రాష్ట్రాలు కలుపుతున్నాయి. అదీ నెలనెలా పడితే.

అందుకే నా ప్రతిపాదన చాలా చిన్నది: మందపాటి నూలు కోటు, ముందు గుండీలు, మోచేతి దాకా చేతులు, ఉతికి ఆరేసుకోవడానికి రెండో జత, జారని రబ్బరు బూట్లు. బొమ్మ ఎవరిది వేసుకున్నా మాకు అభ్యంతరం లేదు, బట్ట నూలుదైతే చాలు. జేబు మాత్రం పెద్దది కుట్టించండి, వంట సరుకుల బిల్లులు వచ్చేదాకా కిరాణా కొట్లో అప్పు రాసే పుస్తకం అందులో పట్టాలి.