అమెరికా రేసిజం మీద వెబినార్లు సరే, మన కేసు షీట్ల సంగతేంది?

మా సైకాలజిస్టుల వాట్సాప్ గ్రూపులో మళ్ళీ ఒక వెబినార్ పోస్టర్ వచ్చింది. రేసిజం, థెరపిస్టు బాధ్యత, చివర్లో సర్టిఫికెట్. పంపినాయన మంచి మనిషే. కింద అందరూ దండాలు, చప్పట్లు పెట్టారు. అదే గ్రూపులో అంతకుముందు ఒకావిడ "రిజర్వేషన్‌లో సీటొచ్చిన పిల్లలకు ఇన్ఫీరియారిటీ ఎక్కువగా ఉంటుంది కదా, ఏ టెక్నిక్ వాడితే బాగుంటుంది" అని అడిగింది. దానికీ ఇవే దండాలు, ఇవే చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది. అక్కడ రాస్తే రెండు లైన్లకే అడ్మిన్ "టాపిక్ మీద ఉండండి మేడమ్" అంటాడు, అందుకే ఇక్కడ రాస్తున్నా. పెద్దగానే ఉంటుంది, ఓపికున్నోళ్ళు చదవండి.

రేసిజం గురించి చదవడం దండగని నేను అనడం లేదు. నేనూ చదివాను. 2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాక, లాక్‌డౌన్‌లో ఎలాగూ ఇంట్లోనే ఉన్నాం కదా అని మాలో కొంతమందిమి కలిసి చదవడం మొదలుపెట్టాం. అప్పటిదాకా సైకాలజీ చరిత్ర అంటే మాకు ఫ్రాయిడ్, పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ ఎలుక, అంతే. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికా డాక్టరు ఒక కొత్త జబ్బు కనిపెట్టాడని ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. దాని పేరు డ్రేప్టోమేనియా. జబ్బు లక్షణం ఏందంటే బానిసకు పారిపోవాలని అనిపించడం. వైద్యంలో కొరడా కూడా ఉంది. ఇప్పుడు చదివితే ఎంత మూర్ఖంగా ఉందో! కానీ ఆయన వీధిరౌడీ కాదు, వైద్య పత్రికలో పద్ధతిగా వ్యాసం రాసిన డాక్టరు.

పాతకాలం సంగతిలే అనుకునేవాళ్ళు 1974కు రండి. ఆ ఏడాది హాల్డాల్ అనే మానసిక రోగాల మందుకు ఒక సైకియాట్రీ జర్నల్లో ప్రకటన వచ్చింది, పిడికిలి బిగించి కోపంగా ఉన్న నల్లజాతి మనిషి బొమ్మతో. గొడవకు దిగుతున్నాడా, ఈ మందుతో దారికొస్తాడని దాని అర్థం. హక్కుల కోసం నల్లవాళ్ళు రోడ్ల మీదకొచ్చిన రోజులవి. మిషిగన్‌లోని అయోనియా ఆస్పత్రి పాత కేసు షీట్లు తిరగేసి, స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక రోగం ముద్ర ఆ కాలంలోనే తెల్ల ఆడవాళ్ళ మీద నుంచి నల్ల మగవాళ్ళ మీదికి ఎలా జరిగిందో జోనథన్ మెట్జల్ అనే సైకియాట్రిస్టు చూపించాడు. అమెరికాలో సంఘాలు రెండూ, అంటే సైకియాట్రిస్టులదీ సైకాలజిస్టులదీ, 2021లో బహిరంగంగా క్షమాపణ చెప్పాయి. చాలా ఆలస్యంగానే అనుకోండి, అయినా చెప్పాయి.

ఇదంతా చదివాక నాకు పట్టుకున్న సంగతి ఒకటే. మనిషికి బయట జరిగిన అన్యాయాన్ని తీసుకుని అతని లోపలి లోపంగా రాసిపెట్టడం మా వృత్తికి మొదట్నుంచీ ఉన్న అలవాటు. గొంతు పెంచకుండా, టిష్యూ పేపర్ అందిస్తూ, చాలా దయగా చేస్తాం ఆ పని. "మీరు కొంచెం సెన్సిటివ్", "సెల్ఫ్ ఎస్టీమ్ తక్కువ", "అడ్జస్ట్‌మెంట్ ప్రాబ్లెమ్". కార్ట్‌రైట్‌ను తిట్టి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుని, సాయంత్రం క్లినిక్‌కొచ్చి ఇవే మాటలు రాస్తే ఆ వెబినార్ ఎందుకు?

నేను పనిచేసే తిరుపతి ఊర్లో సంగతి చెప్తా. ఇది ఏ ఒక్కరి కథా కాదు, కొందరివి కలిపి గుర్తుపట్టకుండా మార్చాను. ఇంజనీరింగ్ చదివే అబ్బాయి, హాస్టల్లో ఉంటాడు. ఎవరి ఫోనన్నా కనపడలేదని చెవిన పడితే చాలు చెమటలు, గుండె దడ, పోయి బాత్రూంలో కూర్చుంటాడు. పర్సు తెరిస్తే డబ్బుల కంటే బిల్లులే ఎక్కువ. ఫోన్ బిల్లు, ఇయర్‌ఫోన్స్ బిల్లు, చెప్పుల బిల్లు. ఆ కాగితం మీద అక్షరాలు ఆర్నెల్లకు వెలిసిపోతాయి కదా, అందుకని ముందే జిరాక్సు తీయించి, మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు. పుస్తకం ప్రకారం ఇది చాలా సులువైన కేసు. పదే పదే తడిమి చూసుకోవడం, కాగితాలు పోగేసుకోవడం, ఓసీడీ, అంటే ఆపుకోలేక చేసిందే చేసే జబ్బు, అని రాసేయొచ్చు. సీబీటీ అని, ఆలోచనలను పరీక్షించి సరిచేసే థెరపీ ఉంది, అందులో ఒక షీటు ఇస్తాం. "నన్ను దొంగ అనుకుంటారు" అనే ఆలోచన నిజమనడానికి సాక్ష్యాలు ఒక పక్క, కాదనడానికి సాక్ష్యాలు ఇంకో పక్క రాయాలి. మామూలుగా మొదటి పక్క ఖాళీగా మిగిలిపోతుంది, అప్పుడు మనిషి భయం దిగుతుంది. ఆ పిల్లోడికి మొదటి పక్క కాగితం చాల్లేదు. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా జీపు వచ్చి ముందు ఆగేది వాళ్ళ వీధిలోనే. బళ్ళో పెన్ను పోతే ముందు తెరిచేది వాడి సంచే. రూమ్మేటు నవ్వుతూనే "మీవోళ్ళకు తాళం ఒక లెక్కా బా" అన్నాడు. వాడు ఎరుకల పిల్లోడు.

ఆ భయానికి తారీఖులున్నాయి. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911 చట్టంతో మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఫలానా తెగలో పుడితే పుట్టుకతోనే నేరస్థుడన్నమాట. ఎరుకలవాళ్ళను ఆ జాబితాలో వేశారు. హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే పోలీసు అనుమతి, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు. 1952 నాటికి దేశమంతా ఆ చట్టం పోయింది, దాని చోట హాబిచ్యువల్ అఫెండర్స్, అంటే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి కూర్చున్నాయి, జీపు మాత్రం అదే వీధిలో ఆగుతూనే ఉంది. అన్నట్టు, మా అవ్వ కాలంలో సోది చెప్పే ఎరుకలామె గద్దె బుట్ట పెట్టుకుని ఇంటి ముందుకొస్తే, కొడుకు పట్టించుకోలేదనో కోడలితో పడదనో ఆడవాళ్ళు గుట్టంతా విప్పేది ఆమె దగ్గరే. మా వృత్తి ఈ ఊరికి రాకముందు ఆ పని చేసినామె తెగకు దొంగల ముద్ర, ఆమె ముని మనవడికి మేం ఓసీడీ ముద్ర.

పిల్లోడి దడ తగ్గాలి, నిద్ర పట్టాలి, దానికి మా దగ్గర పద్ధతులున్నాయి, అవి చేస్తాం. బిల్లులు పారేయమని మాత్రం నేను చెప్పను. కేసు షీట్లో "అతార్కిక భయం" అనీ రాయను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, అది రాస్తాను. రేపు ఆ కాగితం ఇంకో డాక్టరు చేతికి పోతుంది, కాలేజీకి పోతుంది, ఏదో ఒక రోజు కోర్టుకూ పోవచ్చు.

ఇక్కడే మావాళ్ళు అడ్డం పడతారు. "మేడమ్, కులం వేరు, రేస్ వేరు." వేరే. అంబేద్కర్ కూడా 1936లోనే ఆ మాట రాశారు, కులం జాతుల మధ్య విభజన కాదు, ఒకే జాతి మనుషులను సామాజికంగా విడగొట్టడమే అని. 2001లో డర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష సదస్సులో కులం మాట ఎత్తకూడదని మన ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టింది కూడా. కాకపోతే అంబేద్కర్ ఆ మాట అన్నది కులాన్ని నిర్మూలించడానికి, వీళ్ళు అనేది టాపిక్ మార్చడానికి. పైగా రెండూ కలవనే లేదా ఇక్కడ? మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని మన దక్షిణాదిలో కులాల వారీగా ముక్కులూ తలలూ కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. యూరప్ రేస్ సైన్సు మన కులాల మీద ప్రయోగమైంది అక్కడే. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం తీసి చూడండి, రెండు మాటలూ ఉన్నాయి. ఒక మనిషి ఏ జాతి, ఏ మతం అన్నదాన్ని బట్టి మానసిక రోగం నిర్ధారించకూడదని 3వ సెక్షన్. వైద్యంలో కులం పేరుతో వివక్ష ఉండకూడదని 18వ సెక్షన్.

ఆ 3వ సెక్షన్‌లోనే ఇంకో ముక్క ఉంది, దాన్ని ప్రింటు తీసి మా వెయిటింగ్ రూములో అంటించాలని ఉంది. తన సమాజంలో నడిచే నైతిక, సామాజిక, సాంస్కృతిక విలువలకు ఒప్పుకోనంత మాత్రాన మనిషికి మానసిక రోగం ఉందనకూడదు. ఎందుకు చెప్తున్నానంటే, చిత్తూరు నుంచి, పలమనేరు నుంచి, పీలేరు నుంచి కూతుర్ని కారులో ఎక్కించుకుని వచ్చే తల్లిదండ్రులు మాకు మామూలే. పిల్ల మేజరు, ఉద్యోగం చేస్తా ఉంటుంది, వేరే కులం అబ్బాయిని ఇష్టపడింది. తల్లి లోపలికొచ్చి కూర్చోకముందే మొదలుపెడుతుంది. "మేడమ్, వాడు ఏమిటోడో తెలిసినప్పట్నించీ వాళ్ళ నాయన సరిగా అన్నం తినలేదు. దీనికేదో అయ్యింది, నిద్రపోదు, మాతో మాట్లాడదు. మీరు నాలుగు మంచి మాటలు చెప్పి దీని మనసు మార్చండి. ఫీజు ఎంతైనా పర్వాలేదు." ఫోను లాక్కుని, ఆఫీసు మాన్పించి, గదిలో పెడితే ఎవరికి నిద్ర పడుతుంది? డ్రేప్టోమేనియా ఆ కాలపు అమెరికాతోనే చచ్చిపోయిందని ఎవరన్నారు, మా వెయిటింగ్ రూములో ఏసీ కింద కూర్చోనుంది.

ఆ అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతాను. నీకేం కావాలని అడుగుతాను, భద్రంగా ఉన్నావా అని అడుగుతాను. మనసు మార్చే సెషన్లు నా దగ్గర లేవని తల్లిదండ్రులకు ముఖం మీదే చెప్తాను. "మీకు పిల్లలు లేరా మేడమ్" అంటారు. ఉన్నారు. వాళ్ళు లేచి ఇంకో కౌన్సెలర్ దగ్గరికి పోతారు, అక్కడ ఆ సెషన్లు దొరుకుతాయి, అదే నా కడుపు మంట. "మేం న్యూట్రల్" అనే వాళ్ళకు ఆ ఫీజు తీసుకునేటప్పుడు న్యూట్రల్ గుర్తుండదు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. ఊర్లో మాకు భూములున్నాయి, నా ఇంటిపేరు వింటే ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ ముఖం వికసిస్తుంది. మన జిల్లాలో ఊరి పేరు చెప్తే తర్వాతి ప్రశ్న "ఊర్లోనా, కాలనీలోనా". ఆధార్ కార్డు మీద అడ్రసులోనే హరిజనవాడ, ఆది ఆంధ్రవాడ అని ఉంటుంది. అంటే క్లయింటు నోరు తెరవకముందే మా రిసెప్షన్ ఫారం అతని కులం చెప్పేస్తుంది. నా కులం అతనికి నా బోర్డు మీదే కనిపిస్తుంది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ తెలియనట్టు కూర్చుంటాం, దాని పేరు థెరపీ! అందుకే ఇప్పుడు నేనే ముందు ఎత్తుతాను. కులం వల్లో రంగు వల్లో మతం వల్లో మీకేమన్నా ఎదురైతే ఇక్కడ చెప్పొచ్చు, నాది ఫలానా నేపథ్యం, నా మాట తప్పనిపిస్తే అదీ చెప్పొచ్చు అని. కొందరు ఏమీ లేదంటారు, వదిలేస్తాను. కొందరు చాలా సేపు గోడకేసి చూసి మొదలుపెడతారు.

రంగు అన్నాను కదా. అమెరికాలో క్లార్క్ దంపతులనే సైకాలజిస్టులు 1940ల్లో నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగితే చాలామంది తెల్ల బొమ్మను చూపించారు. 1954లో అక్కడి సుప్రీంకోర్టు నల్ల పిల్లలకూ తెల్ల పిల్లలకూ వేరే బళ్ళు పెట్టడాన్ని కొట్టేసినప్పుడు ఆ పరిశోధనను కూడా ఉదహరించింది. మనకు బొమ్మలు అక్కర్లేదు, పెళ్ళిచూపులు చాలు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయ్యింది, "పిల్ల కళగానే ఉంది, కొంచెం రంగు తక్కువ" అనే పెద్దమ్మలు మారలేదు. దీని మీద వేరే పోస్టు రాయాలి.

అసలు సిసలు రేసిజమే కావాలంటే దానికీ అమెరికా పోనక్కర్లేదు. 2015లో ఐఐటీ, ఐజర్ అనే కేంద్ర సైన్సు విద్యాసంస్థ తిరుపతికి వచ్చాక ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఇక్కడ చదువుతున్నారు, హోటళ్ళలో, పార్లర్లలో పనిచేస్తున్నారు. బజారులో వాళ్ళను "చైనా" అని పిలిచే నోళ్ళు ఎన్ని లేవు? ఢిల్లీలో నిడో తానియా అనే అరుణాచల్ విద్యార్థి కొట్టిన దెబ్బలకు చనిపోయాక 2014లో బెజ్‌బారువా కమిటీ వేసి నివేదిక రాయించుకున్న దేశం మనది. ఇక 2017లో అమెరికాలోని కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను "నా దేశం నుంచి పో" అని కాల్చి చంపినప్పుడు తెలుగువాళ్ళందరికీ రేసిజం అంటే ఏందో గుండెకు తెలిసింది. అదే మనం పిల్లల్ని ఫ్లైటెక్కించేటప్పుడు "నల్లోళ్ళు ఉండే ఏరియాలో రూము తీసుకోవద్దు నాయనా" అని చెప్తాం. అక్కడి తెలుగు పిల్లలతో ఆన్‌లైన్‌లో మాట్లాడితే రెండూ వినపడతాయి, ఆఫీసులో వాళ్ళకు జరిగేదీ, రూములో వాళ్ళు ఇంకొకరికి చేసేదీ. 2023లో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించాల్సి వచ్చిందంటే మనం లగేజీలో పచ్చళ్ళతో పాటు ఏం తీసుకెళ్ళామో చూడండి.

కాలేజీల నుంచి పిల్లల్ని పంపినప్పుడు "స్ట్రెస్ మేనేజ్‌మెంట్ అవసరం" అని ఒక లైను రాసిమ్మంటారు. పిల్ల కులం పేరుతో మాటలు పడుతుంటే నేను ఆ లైను రాయను. యూజీసీ 2012లోనే చెప్పింది ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ పెట్టాలని, అక్కడికి ఫిర్యాదు రాయడానికి ఆ పిల్ల ఒప్పుకుంటే పక్కన కూర్చుని సాయం చేస్తాను. ఒక కాలేజీ అప్పట్నుంచి నాకు కేసులు పంపడం మానేసింది. మానేస్తే మానేయనీ.

సహ థెరపిస్టులకు చెప్పాల్సింది చెప్పాను. ఇప్పుడు కౌన్సెలింగ్‌కు పోదామా అనుకుంటున్న మామూలు మనుషులకు. ఫీజు కట్టే ముందు అడగండి, అడిగే హక్కు మీకుంది. కులం వల్ల జరిగిన దాని గురించి మీ దగ్గర మాట్లాడొచ్చా, నా గురించి ఏం రాస్తున్నారో నాకు చూపిస్తారా, నా అనుమతి లేకుండా మా ఇంట్లోవాళ్ళకు చెప్తారా. ఫీజు భారమైతే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అవతలి మనిషి ఈ ప్రశ్నలకు చిరాకు పడినా, "ఈ రోజుల్లో కులం ఎక్కడుంది అమ్మా" అని నవ్వినా, లేచి వచ్చేయండి. మొదటి సెషన్ డబ్బులు పోతే పోయాయి.