కెమెరా గారూ, కాస్త మెలకువగా ఉంటారా?

మహారాజశ్రీ, ఊడదీయరాని ఒకే లెన్స్‌తో దూరపు పిట్టను దగ్గరికి లాగే సూపర్‌జూమ్ బ్రిడ్జ్ కెమెరా గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట నేను క్షేమంగా లేను. అచ్చట తమరు మాత్రం లెన్స్ లోపలికి లాక్కుని హాయిగా కునుకు తీస్తున్నారు కాబట్టి, మెలకువ వచ్చినప్పుడు చదువుకుంటారని ఈ నాలుగు ముక్కలు రాసి పెడుతున్నాను. ఈ మధ్యాహ్నం ఒక లకుముకిపిట్ట నీళ్లలోకి దూకి, చేపను పట్టి, కొమ్మకేసి రెండు బాదులు బాది, మింగేసి, రెక్కలు దులుపుకుని వెళ్లిపోయింది. అంతా మన ఎదురుగానే. ఫొటో లేదు. ఎందుకు లేదో తమరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సంగతికి వస్తాను. ముందు చిల్లర బాకీలు తీర్చేసుకుందాం.

పెట్టె విప్పగానే ఒక కాగితం వచ్చింది. మడతలు విప్పుకుంటూ పోతే మంచం నిండింది. లోకంలో ఉన్న భాషలన్నిటిలోనూ అందులో ఒకే హితవు: బ్యాటరీని మంటల్లో వేయకండి. వేయను. కానీ తమరిని ఎలా వాడాలో ఎక్కడా లేదు, అది నెట్ నుంచి దించుకోవాలట. మెమరీ కార్డు లేదు. విడి చార్జర్ లేదు, తమరి ఒంట్లో బ్యాటరీ ఉంచే తీగ గుచ్చాలి. అంటే అది నిండేదాకా తమరికి సెలవు. ముందుచూపుతో రెండో బ్యాటరీ కొన్నవాడు కూడా దాన్ని పట్టుకుని తమరి ఖాళీ కోసం కూర్చోవాలి.

డిజిటల్ జూమ్ అనేదాన్ని ఆన్ చేసి మరీ పంపారు. మహోపకారం. తెర మీద గీత 60 రెట్లు దాటాక రంగు మారుతుంది. ఆ గీత అవతల లెన్స్ చేసేదేమీ లేదు, ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే. ఆ కత్తిరింపేదో ఇంటికొచ్చి నేనే చేసుకుంటాను. మొదటిరోజే ఆపేశాను, ఈ ఉత్తరం చదివేవాళ్లూ ఆపేయండి.

ఇక కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ పక్కనున్న కంటి సెన్సర్. కన్ను దగ్గరికి రాగానే వెనక తెర ఆరి, వ్యూఫైండర్ వెలగాలి. అది దాని ఉద్యోగం. తెరను బయటికి తిప్పి, నడుము దగ్గర పట్టుకుని పువ్వును తీద్దామంటే తెర నల్లగా మారిపోతుంది. ఎందుకయ్యా అంటే, తమరు నా పొట్టను కన్ను అనుకున్నారు. మెడలో వేసుకున్న పట్టీ అడ్డొచ్చినా కన్నే. బొటనవేలు అటు పోయినా కన్నే. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పని పడుతుంది.

బొమ్మను పట్టే తమరి గోరంత సెన్సర్ మీద, కొండంత లెన్స్ మీద నాకు కోపం లేదు. చాలామంది తిట్టేది దాన్నే. చూపు ఎంత వెడల్పో, ఎంత దగ్గరో చెప్పే ఫోకల్ లెంగ్త్ పెట్టె మీద 24-1440 ఎంఎం (24 అంటే వెడల్పు, 1440 అంటే బాగా దగ్గర) అని ఉంటుంది, లెన్స్ అంచున మాత్రం 4.3-258 అని ఉంటుంది. రెండూ నిజమే. 1/2.3 అంగుళాలనే తమరి సెన్సర్ నిజానికి సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 ఎత్తు. 36కి 24 ఉండే, పెద్ద కెమెరాల్లోని ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం దీనికి ముప్పై రెట్లు. అంత చిన్న ముక్క కాబట్టే 258 ఎంఎం లెన్స్ 1440 అంత దగ్గరగా చూపిస్తోంది. మబ్బు పట్టగానే ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు బొమ్మను వెలిగించే అంకె) పెరిగి పిట్ట ఈకలన్నీ అలుక్కుపోయేదీ అందుకే. ఇది బేరం. తెలిసే ఒప్పుకున్నాను. 1993లో కెనాన్ తెచ్చిన ఈఎఫ్ 1200 ఎంఎం లెన్స్ ఒక్కటే 16.5 కిలోలు. తమరు లెన్స్, ఒళ్లు, బ్యాటరీ అన్నీ కలిపి ఆరు వందల గ్రాములకు అటూ ఇటూ. ఆ మాత్రం మసక నేను భరిస్తాను. ఎండలో నేల కాగినప్పుడు దూరంగా ఉన్నదల్లా అల్లల్లాడుతూ కనిపించేది తమరి తప్పు కాదనీ తెలుసు. మధ్యలో ఉన్న గాలి కదులుతుంటే ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఏం చేస్తుంది?

కాబట్టి నేను అన్యాయస్తుణ్ణి కాను. ఇప్పుడు వినండి.

1440 దగ్గర తమరి చూపు ఎంత వెడల్పో ఎప్పుడైనా లెక్క వేసుకున్నారా? 20 మీటర్ల దూరాన అర మీటరు. అంతే. చెట్టులో ఆ అర మీటరు ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. మణికట్టు ఒక వెంట్రుకవాసి కదిలితే కొమ్మ పోయి ఆకాశం వస్తుంది. ఆకాశం నుంచి దిగితే వేరే కొమ్మ వస్తుంది. అందుకని ముందు వెడల్పుగా పెట్టి, నీలంగా కనిపించే చుక్కను నడిమధ్యకు తెచ్చుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, జూమ్ మీటను నెమ్మదిగా తోశాను. పిట్ట తప్పిపోయినప్పుడల్లా లెన్స్ పక్కనున్న చిన్న బొత్తాం నొక్కి పట్టుకుంటే చూపు వెడల్పవుతుంది, వదిలితే మళ్లీ దగ్గరికి పోతుంది. ఆ బొత్తాం పెట్టినవారెవరో గాని వారికి దండం. తమరిలో బుద్ధి ఉన్న భాగం అదొక్కటే.

దొరికింది. ఫోకస్ మొదట ముందున్న ఆకు మీద పడింది. ఆకు ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు, వెనక పిట్ట నీలపు మరక. ఫోకస్ గడిని అన్నిటికన్నా చిన్నది చేసి, రెండు ఆకుల మధ్య సందులోంచి పంపితే ముందుకీ వెనక్కీ తడుముకుని, చివరికి పిట్ట మీద కూర్చుంది. ముక్కు కొసన నీటిబొట్టు. ఛాతీ మీద తెల్లటి నూగు. తల కొంచెం వంచి నీళ్లకేసి చూస్తోంది. అది దూకేముందు అలాగే చూస్తుంది. ఇక దాని పని నీళ్లను చూడటం, నా పని దాన్ని చూడటం, తమరి పని మెలకువగా ఉండటం. ముగ్గురిలో తేలికైన పని తమరిదే.

ఒక్క నిమిషం. అంతకన్నా ఎక్కువ గడవలేదు.

వ్యూఫైండర్ నల్లబడింది. చేతిలో గుర్రుమని చప్పుడు. తమరు లెన్స్ మడుచుకుని పడుకున్నారు.

అయ్యా, నా కన్ను అక్కడే ఉంది కదా! రెప్ప కూడా వేయకుండా తమరికే అతుక్కుని ఉంది. పొట్టను చూసి కన్ను అనుకునే మహానుభావుడివి, నిజం కన్ను ఎదురుగా ఉంటే మాత్రం ఎవరూ లేరనుకుంటావా? బొత్తాం నొక్కకపోతే మనిషి లేనట్టేనా? పిట్టల్ని తీసేవాడు చేసేదే బొత్తాం నొక్కకుండా కాచుకోవడం! ఆ సంగతి తెలియకుండానే పెట్టె మీద పిట్ట బొమ్మ అచ్చు వేశారా?

సరే, పడుకున్నావు. లేచేటప్పుడైనా మర్యాదగా లేస్తావా? పవర్ బొత్తాం నొక్కితే ముందు తెర నిండా కంపెనీ పేరు. తర్వాత లెన్స్ మెల్లగా తల బయటపెట్టి 24 దగ్గర నిలబడింది. 1440 దగ్గర పడుకున్నవాడు 24 దగ్గర లేస్తాడా ఎక్కడైనా? మళ్లీ మీట తొయ్యి, మళ్లీ మోటారు, మళ్లీ ఆకాశం, మళ్లీ వేరే కొమ్మ, మళ్లీ ఆ దిక్కుమాలిన ఆకు. అంతలో నీళ్లలో బుడుంగుమంది. వ్యూఫైండర్ లోంచి తల పైకెత్తి వట్టి కళ్లతో చూశాను, భోజనం మొత్తం. కుంభకర్ణుడు నయం. ఎప్పుడు పడుకుంటాడో, ఎప్పుడు లేస్తాడో లంకలో అందరికీ ముందే తెలుసు.

బ్యాటరీ ఆదా కోసమంటావు. అంత పొడుగు లెన్స్‌ను మోటారుతో లోపలికి లాగి, మళ్లీ బయటికి తోసి, మళ్లీ చివరిదాకా సాగదీయడం ఆదానా? తెర ఆర్పుకో, ఎవరు కాదన్నారు? లెన్స్‌ను ఉన్నచోట ఉండనివ్వడానికి నీ సొమ్మేం పోయింది?

నీ నిద్ర గడువు మార్చుకునే చోటు ఉంది, చూశాను. పానా బొమ్మ ఉన్న మెనూలో భాష, తేదీ, కార్డు ఫార్మాట్, ఫోన్ జత చేసే వ్యవహారం అన్నీ దాటుకుని అడుగున దాక్కుని ఉంది. 1 నిమిషాన్ని 30 నిమిషాలు చేయొచ్చు. లేచినప్పుడు జూమ్ పాత చోటికే వెళ్లే ఏర్పాటు కూడా ఉంది, దానికి మళ్లీ ఇంకో పేజీ. దాన్ని మాత్రం ఆపేసి పంపారు! ఎవరికీ అక్కర్లేని డిజిటల్ జూమ్ ఆన్, కావలసింది ఆఫ్. ఇదెక్కడి న్యాయం? కొత్తగా కొన్నవాడు మొదటి గంటలో మార్చుకోవలసినవి ఈ మూడే. మంచం నిండిన ఆ కాగితంలో మంటల పక్కన ఈ మూడు వాక్యాలకు చోటు లేకపోయింది.

విసిరికొడదామనే అనుకున్నాను. కొట్టకపోవడానికి కారణం ఈ రాత్రి చందమామ. ఆటో మోడ్‌లో తీస్తే నల్లటి ఆకాశాన్ని చూసి బెంబేలెత్తి, చంద్రుణ్ణి తెల్లటి ముద్ద చేశావు. అక్కడ పడుతున్నది ఎండ అని నీకెవరు చెప్పాలి? అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ 100, ఎఫ్/6.5 (లెన్స్ తెరుచుకునే మేర), షట్టర్ 1/250 సెకను పెట్టాను. అప్పుడు చూపించావు. ఫ్రేము ఎత్తులో సగానికి పైగా చంద్రుడే. దక్షిణాన టైకో బిలం, దాన్నుంచి నలువైపులా చిమ్మిన తెల్లటి చారలు. వెలుగూ చీకటీ కలిసే అంచున గుంటల నీడలు విడివిడిగా. ఆరు వందల గ్రాములవాడు చూపించాడిదంతా. నోట మాట రాలేదు, అబద్ధమెందుకు. ట్రైపాడ్ మీద ఉన్నా చంద్రుడు ఆగడు, రెండు నిమిషాలకు తన వెడల్పంత జరిగిపోతాడు, ఆరు నిమిషాల్లో ఫ్రేము ఆ చివరి నుంచి ఈ చివరికి దాటేస్తాడు. అంతసేపూ నువ్వు మేలుకునే ఉన్నావు. 30 నిమిషాల గడువు పెట్టాను కాబట్టి ఉన్నావు, అది వేరే విషయం.

రేపు పొద్దున్నే మళ్లీ నీళ్ల ఒడ్డుకు పోతున్నాం. రెండు బ్యాటరీలూ నిండుగా ఉంటాయి, వంతులవారీగా నింపించావు కాబట్టి నేను పడుకునేసరికి తెల్లారుతుంది. నా నిద్ర కూడా నువ్వే పోయావనుకుని, రేపటికి మాత్రం కళ్లు తెరుచుకుని ఉండు.

ఇట్లు,
తమరి మెడపట్టీ మోసే విధేయుడు

తా.క.: ఫోకస్ కుదిరినప్పుడల్లా బీప్‌మంటూ పిట్టలకు కబురు పంపే చోటు కూడా దొరికింది. నోరు మూయించాను.