చెట్టు నీడకూ ఫీజేనా?

అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, ‘ప్రకృతి ఒడిలో చదువు’, ‘పిల్లలే కేంద్రంగా బోధన’ అంటూ రంగురంగుల ప్రకటనలు వెల్లువెత్తుతాయి. ర్యాంకుల టెన్షన్ లేని చదువు మంచిదే, దానిమీద మాకు అభ్యంతరం లేదు. మట్టిలో ఆడుకోవడాన్నీ చెట్టు కింద కూర్చోవడాన్నీ భారీ ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకే అమ్మి, మిగతా పిల్లలను నాలుగు గోడల మధ్య బట్టీకి వదిలేయడాన్నే తప్పుపడుతున్నాం.

అసలు ఈ చదువు ఎవరి కోసం పుట్టింది? 1907లో ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి తన తొలి బాలల గృహాన్ని తెరిచింది రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో. తల్లిదండ్రులు పనికి పోతే అడిగే దిక్కులేక తిరుగుతున్న పిల్లలే ఆమె తొలి విద్యార్థులు. 1914లో మెక్‌మిలన్ అక్కచెల్లెళ్లు లండన్‌లోని డెప్ట్‌ఫర్డ్‌లో ఆరుబయట నర్సరీ నడిపింది గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో జబ్బుపడుతున్న పసివాళ్ల కోసం. పేద పిల్లలతో మొదలైన ఆ పద్ధతే ఇవాళ ఖరీదైన బడుల బోర్డులకెక్కింది. మాంటిస్సోరి పేరు తగిలించుకోవడానికి చాలాచోట్ల ఎవరి అనుమతీ అక్కర్లేదు కూడా.

మామూలు బడిలో జరిగేది చూడండి. ఆవరణలో ఒక పాప గొంతుక్కూర్చుని చీమల బారునే చూస్తుంటుంది. దారికి అడ్డంగా పుల్ల పెడితే అవి ఎటు తిరుగుతాయో కనిపెడుతుంటుంది. గంట కొడతారు. పాపను లోపలికి పిలిచి, ‘చీమకు ఆరు కాళ్లు’ అని బోర్డు మీది వాక్యాన్ని నోట్సులోకి ఎక్కించమంటారు. చూసి తెలుసుకున్నదానికి మార్కుల్లేవు, చూడకుండా రాసినదానికి ఉన్నాయి.

కిక్కిరిసిన తరగతుల్లో చూసి, చేసి నేర్చుకోవడం కుదరదనీ, చదవడం రాయడం వెనకబడతాయనీ అనేవాళ్లున్నారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆంధ్రప్రదేశ్‌లోని రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఈ పనిని పల్లె బడుల్లోనే చేసి చూపించింది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, ఎవరి పాఠం కార్డు వాళ్లు తీసుకుని, ఎవరి వేగంలో వాళ్లు మెట్టు తర్వాత మెట్టు నేర్చుకునే పద్ధతి అది. దాని స్ఫూర్తితోనే తమిళనాడు ప్రభుత్వ బడుల్లో పనులు చేస్తూ నేర్చుకునే ‘కార్యాచరణ ఆధారిత బోధన’ వచ్చింది. ఇక ఫిన్లాండ్‌లో పిల్లలకు ఏడేళ్లు నిండే సంవత్సరంలో గానీ ఒకటో తరగతి మొదలవదు. వాళ్లేమీ చదువులో చితికిపోలేదు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను అమెరికా తప్ప సభ్య దేశాలన్నీ ఆమోదించాయి. చదువు పిల్లల ప్రతిభను పూర్తిగా వికసింపజేయాలని, ప్రకృతి పట్ల గౌరవం పెంచాలని అందులోని 29వ అధికరణం చెబుతోంది. 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనూ హక్కుగా గుర్తించింది. ఫీజు కట్టినవాళ్లకే అని ఎక్కడా రాయలేదు. సంతకం అందరి పిల్లల పేరునా చేసి, అమలు కొందరికే వదిలేయడం పచ్చి కపటం. ఆరేళ్లదాకా చెట్లెక్కించి, ఆ తర్వాత పోటీ పరీక్షల కోచింగ్‌లో పడేసే తల్లిదండ్రులకూ ఇందులో వాటా ఉంది.

ఈ కపటానికి మందు మరో కొత్త పథకం కాదు. ఉన్న టైంటేబుల్‌లో రోజూ కొంత సమయం ఆరుబయటికి కేటాయించాలి, టీచర్ల శిక్షణను అందుకు తగ్గట్టు మార్చాలి. తనిఖీకి వెళ్లే అధికారి మార్కుల రిజిస్టరు తెరిచే ముందు, ఈ వారం పిల్లలు తరగతి గది బయట ఎన్ని గంటలు గడిపారో అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి మనసొప్పని విద్యాశాఖలు, బాలల హక్కుల మీద సదస్సులు పెట్టి దండలు వేయించుకోవడం ముందు మానుకోవాలి.