అమ్మ నా మాట ఎందుకు వినలేదు?

2021 మార్చిలో ఇండియాలో 60 దాటినవాళ్లకి కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. తెనాలి దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మకి రోజూ ఫోన్ చేసి పోరు పెట్టేదాన్ని. ఇక్కడ విదేశంలో నేను ఫార్మసిస్టుని. రోజుకి నలభై యాభై మందికి నా చేత్తోనే టీకా వేస్తున్న రోజులవి. అయినా అమ్మ ఒప్పుకోలేదు. "బీపీ ఉంది కదమ్మా, తర్వాత చూద్దాంలే" అనేది. శాతాలు చెప్పాను, వాట్సాప్‌లో పట్టికలు పంపాను, ఒకరోజు కోపం పట్టలేక ఫోన్ పెట్టేశాను కూడా.

చివరికి ఒప్పించింది మా వీధి ఆశా వర్కరు. అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి లాగి తను సూది వేయించుకున్న చోటు చూపించిందట. "నాకు రాత్రంతా ఒళ్లు కాలిపోయింది పెద్దమ్మా. డోలో వేసుకుని పడుకున్నా, మర్నాటికి తగ్గింది. రేపు టిఫిన్ తిని రండి, నేను పక్కనే ఉంటా" అంది. అన్నట్టే ఉంది. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టి, ఇంటిదాకా దిగబెట్టి వెళ్లింది.

జ్వరం రావచ్చని నేను అమ్మకి చెప్పనే లేదు. చెబితే భయపడుతుందని దాచాను. నేను దాచిన ఆ ఒక్క ముక్కే ఆమెకి ధైర్యం ఇచ్చింది.

టీకా వద్దన్నవాళ్లని చదువులేనివాళ్లనీ మూర్ఖులనీ మన తెలుగు సంఘం కూడికల్లో ఎంత తేలిగ్గా అనేస్తామో! చెప్పే మనిషి తనవాడా, పరాయివాడా, ఏమైనా దాస్తున్నాడా అనే జనం చూస్తారు. అది తెలివితక్కువతనం కాదు. ఖమ్మం సంగతి గుర్తుచేసుకోండి. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే హెచ్‌పీవీ టీకాని, పాత్ అనే అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి, ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి వేయించింది. వాళ్లలో గిరిజన పిల్లలూ, హాస్టల్ పిల్లలూ చాలామంది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ అదే విచారణలో ఇంకోటీ బయటపడింది: ఎన్నో ఒప్పుకోలు పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఏ టీకా వేస్తున్నారో కూడా తెలియని తల్లి, తర్వాత వచ్చే ఏ సూదిని నమ్మాలి? టీకా మంచిదే. అడగకుండా వేయడమే అన్యాయం.

కోవాగ్జిన్ విషయంలోనూ తొందరే చేటు చేసింది. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో పుట్టిన టీకా అది. మనుషుల మీద చేసే మూడో దశ ప్రయోగాల ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న అనుమతిచ్చారు. మొదట్లో దాన్ని వేయించుకున్నవాళ్ల చేత విడిగా ఒప్పుకోలు పత్రం మీద సంతకం చేయించారు. తర్వాత ఫలితాలు బాగానే వచ్చాయి, టీకా సామర్థ్యం 77.8 శాతం అని తేలింది. అయినా ముందు పడ్డ అనుమానం అంత త్వరగా పోలేదు. పైగా నవంబర్ 3 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన టీకాల జాబితాలో ఆ పేరు లేదు, అది వేయించుకుంటే విదేశాలకి రానివ్వరేమోనన్న భయం. అందుకే మన దగ్గరికి రావాల్సిన అమ్మానాన్నలు కోవిషీల్డ్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కున్నారు. అలా వేయించుకోవడం వెనక కూడా సైన్సే ఉందనుకోకండి, మనవళ్లని చూడాలన్న ఆరాటం ఉంది.

మొన్నీమధ్య మా కౌంటర్ దగ్గరికి మనవాళ్లావిడ ఒకరు పన్నెండేళ్ల కూతురితో వచ్చారు. హెచ్‌పీవీ టీకా కాగితం చేతిలో పెట్టుకుని, గొంతు తగ్గించి, "ఇది ఆ ఖమ్మంలో వేసిందేనాండీ?" అని అడిగారు. ఒకప్పుడైతే "అవన్నీ పుకార్లండీ" అనేసేదాన్ని. ఈసారి స్టూలు లాక్కుని కూర్చుని, అక్కడ జరిగిన తప్పేమిటో, జరగనిదేమిటో రెండూ చెప్పాను. చెయ్యి ఒకటి రెండు రోజులు సలుపుతుందనీ, కొందరు పిల్లలకి కళ్లు తిరుగుతాయి కాబట్టి పావుగంట కూర్చోవాలనీ చెప్పాను. ఆవిడ పిల్ల వైపు తిరిగి "నువ్వేమంటావే?" అన్నారు. పిల్ల చొక్కా చెయ్యి మడిచింది.

మన సంఘం ఆరోగ్య సదస్సుల్లో నలభై నిమిషాలు స్లైడ్లు చూపించి, ప్రశ్నలకి ఐదు నిమిషాలు వదులుతున్నాం. దాన్ని తిరగేయమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు మైకు ముందు నోరు విప్పరు. పక్కన ఓ బల్ల, రెండు కుర్చీలు వేసి, తెలుగులో నింపాదిగా మాట్లాడే మనిషిని కూర్చోబెడితే అడుగుతారు. వచ్చే శిబిరంలో ఆ బల్ల నాకివ్వండి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను.