డొక్క చించకుండానే డోలు: ఒక పంది డొక్కకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పంది డొక్క గారికి,

ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ రాసేశాను, మన్నించండి. మీ వైపు కుశలం ఏముంటుంది! స్టూడియోకి వచ్చేసరికే మీ పని అయిపోయింది కదా.

నేనెవరో మీకు తెలియదు. మీరు మాత్రం నాకు బాగా తెలుసు. 2006లో స్కాట్ వాకర్ అనే గాయకుడు ‘ద డ్రిఫ్ట్’ అనే ఆల్బమ్ తెచ్చారు. అందులో ‘క్లారా’ అనే పాటలో వినిపించే దెబ్బలు మీ ఒంటి మీద పడ్డవే. ఒక తాళవాద్య కళాకారుడు, డ్రమ్ములన్నీ పక్కనపెట్టి, మైకు ముందు మిమ్మల్ని పెట్టుకుని పిడికిలితో గుద్దులు గుద్దాడు. ఎలా గుద్దాలో వాకర్ గారు పక్కనుండి చెప్పారు. అదే ఏడు ఆయన మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఈ ముచ్చటంతా ఉంది. మీరు తెర మీద కనబడేది కాసేపే. అయినా చూసినవాళ్లు మిమ్మల్ని తప్ప ఇంకెవర్నీ గుర్తుపెట్టుకోలేదు.

మా భాషలో ఒక బెదిరింపు ఉంది, ‘డొక్క చించి డోలు కడతా’ అని. చిన్నప్పటి నుంచీ వింటున్నాం గానీ, కట్టినవాణ్ణి ఎవరూ చూళ్లేదు. వాకర్ గారు చించే శ్రమ కూడా పెట్టుకోకుండా డొక్కనే డోలు చేసేశారు. డొక్కశుద్ధి అంటే ఇదే కాబోలు.

ఇంతకీ ఈ లేఖ పొగడ్త కాదు, ఫిర్యాదు. మనిషి పందిని తినడం లోకంలో మామూలే. మీరు తిరగబడి ఒక మనిషి కెరీర్‌నే తినేశారు. వాకర్ గురించి ఎవరితో మాట కలిపినా ‘ఆ మాంసాన్ని గుద్దించినాయనేనా?’ అంటారు. యాభై ఏళ్ల పైచిలుకు పాడినాయన, నాలుగు సినిమాలకి పనికొచ్చే సంగీతం ఒక్క పాటలోనే దాచినాయన, చివరికి మీ ఇంటిపేరుతో చలామణీ అవుతున్నాడు.

ఇంటిపేరంటే గుర్తొచ్చింది. ఆయన ఇంటిపేరు అసలు వాకర్ కాదు. నోయెల్ స్కాట్ ఎంగెల్, 1943లో అమెరికాలోని ఒహాయోలో పుట్టారు. ఇంకో ఇద్దరితో కలిసి ‘వాకర్ బ్రదర్స్’ అని బోర్డు పెట్టి, 1965లో ఇంగ్లండ్ వెళ్లారు. ముగ్గురిలో ఏ ఇద్దరూ అన్నదమ్ములు కారు. ఒక్కరికీ పుట్టుకతో వాకర్ అన్న పేరు లేదు. అయినా 1965లో ఒకసారి, 1966లో ఒకసారి వాళ్ల పాట బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. అబద్ధం కూడా గొంతు బాగుంటే చెల్లుతుంది! ఆ గొంతు మంద్రంలో పలికితే కంబళి కప్పినట్టుండేది. అమ్మాయిలు కేకలు పెట్టేవాళ్లు. ఆ కేకలు పడలేక ఆయన 1966లో వైట్ దీవిలోని ఒక మఠానికి పోయి, సన్యాసుల దగ్గర గ్రెగోరియన్ గానం (పాతకాలపు చర్చి కీర్తనలు) నేర్చుకుందామని కూర్చున్నారు. అభిమానులు మఠం తలుపులు కూడా బాదారు. మిమ్మల్ని ఒక్కరే బాదారు, అదీ చచ్చాక. ఆయన్ని బతికుండగానే ఊరంతా బాదింది.

ఆ తర్వాత సొంత ఆల్బమ్‌లు. 1968లో వచ్చిన రెండోది బ్రిటన్‌లో నంబర్ వన్. మరుసటి ఏడు వచ్చిన నాలుగోదానికి అన్ని పాటలూ తనే రాసుకుని, పైన తన అసలు పేరు వేసుకున్నారు. అది చార్టు గడప కూడా తొక్కలేదు. దొంగ పేరుతో నంబర్ వన్, సొంత పేరుతో సున్నా. ఇంతకన్నా క్లియర్‌గా మార్కెట్ ఎవరికి మాత్రం సలహా ఇస్తుంది!

ఆయన కొన్నాళ్లు ఆ సలహా విన్నారు కూడా. డెబ్బైల మొదట్లో ఎవరెవరివో పాటలు బుద్ధిగా పాడారు. వాటి గురించి నేనేమీ రాయను. ఆయనే వాటిలో కొన్నిటిని మళ్లీ విడుదల కానివ్వలేదు, మధ్యలో నాకెందుకు?

ఆ తర్వాతి లెక్క చూడండి. 1984లో ఒక ఆల్బమ్. 1995లో ఇంకోటి. మీరున్నది 2006లో. పన్నెండేళ్లకోసారి పుష్కరాలొస్తాయి, ఈయనకి పదకొండేళ్లకోసారి ఆల్బమ్ వచ్చేది. నదులకన్నా ఒక ఏడాది ముందే ఉన్నారు, ఇంకా ఆలస్యమంటే ఎలా?

సరే, అసలు విషయానికొస్తాను. మీ పాట మొదటిసారి విన్నది రాత్రి పదకొండు దాటాక, ఇయర్‌ఫోన్స్‌లో. మొదట ఏమీ వినబడలేదు. వాల్యూమ్ పెంచాను. అదీ నేను చేసిన తప్పు. తీగలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి, తేనెతుట్టె కదిలినట్టు. ఆ మోత ఆగాక మళ్లీ నిశ్శబ్దం, అందులో ఆయన గొంతు. అప్పటి కంబళి గొంతు కాదు. పైన ఎక్కడో సన్నటి తాడు మీద నిలబడి, కిందికి చూడకుండా పాడుతున్నట్టుంది. అప్పుడు మీరొచ్చారు. తడిబట్టని బండకేసి కొట్టిన చప్పుడు. కాదు, దానికంటే మెత్తన. దెబ్బ పడ్డాక లోపలికి దిగి అక్కడే ఆగిపోతుంది, డ్రమ్ములా తిరిగి మోగదు. ఇంకో దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఒక పక్క ఇయర్‌ఫోన్ పోయిందేమోనని తీసి చూశాను కూడా. పాట పన్నెండు నిమిషాలు దాటుతుంది. నేను ఆ రాత్రి ఆరో నిమిషంలో ఆపేశాను. మర్నాడు పొద్దున పూర్తి చేశాను, బయట మనుషులు తిరుగుతుంటే కాస్త ధైర్యంగా ఉంటుందని.

అప్పుడే చదివాను, మీరు ఎవరి వేషం కట్టారో. క్లారా పెటాచీ ఇటలీ నియంత ముస్సోలినీ ప్రియురాలు. 1945 ఏప్రిల్ 28న ఇద్దర్నీ కాల్చి చంపారు. మర్నాడు మిలాన్‌లో లొరేతో కూడలికి శవాలు తెచ్చి పడేస్తే జనం తన్నారు, ఉమ్మారు, కర్రలతో కొట్టారు. తర్వాత పెట్రోలు బంకు దూలానికి తలకిందులుగా వేలాడదీశారు. ఆ దృశ్యాలు న్యూస్‌రీల్‌లో దేశదేశాలు తిరిగాయి. ఒహాయోలో పుట్టిన పిల్లాడు వాటిని సినిమా హాల్లో చూశాడు. చూసినవి వదల్లేదు. అరవై ఏళ్లు పైబడ్డాక స్టూడియోలో కూర్చుని ఆ న్యూస్‌రీల్‌కి చప్పుడు వేశాడు. అందుకు మిమ్మల్ని పిలిపించారు. శవాన్ని కొట్టిన చప్పుడు కావాలంటే ఇంకెవర్ని పిలుస్తారు, సితార్ విద్వాంసుల్నా?

ఇక్కడే మీ వల్ల జరిగిన అన్యాయం. ‘ఈయన ముందు పాప్ గాయకుడు, తర్వాత పిచ్చి ప్రయోగాలు, ఆ తర్వాత ఎందుకో సినిమా సంగీతం’ అని మూడు ముక్కలు చేసి రాస్తారు. మీ మూలంగా మధ్య ముక్కకి పిచ్చి అని పేరు ఖాయమైంది. నాకైతే అదంతా ఒకటే ఉద్యోగంలా కనిపిస్తుంది. 1969 నాటి ఆ అమ్ముడుపోని ఆల్బమ్ మొదటి పాటే, మృత్యువుతో చదరంగం ఆడే కథ, స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన సినిమాది. 1972లో సినిమా పాటలే ఏరి ఒక ఆల్బమ్ పాడారు (అది ఆయన తొక్కిపెట్టిన వాటిలో ఒకటి, నేను రాయనన్నది అదే). మీరు న్యూస్‌రీల్. అంటే సినిమావాళ్లు పిలవకముందే ఆయన సినిమాకి పనిచేస్తున్నారు. తెర ఒక్కటే తక్కువ.

పిలిచినప్పుడు ఏమైందో కూడా వినండి. 1999లో లియోస్ కరాక్స్ అనే ఫ్రెంచి దర్శకుడు ‘పోలా ఎక్స్’కి సంగీతం చేయించుకున్నాడు. పాడుబడ్డ గిడ్డంగిలో ఒక గుంపు ఇనప సామాన్లూ గిటార్లూ పట్టుకుని వాయించే ఘట్టం ఉంటుంది అందులో. అది చూస్తే మీకు చుట్టాల ఇంటికొచ్చినట్టుంటుంది. అదే ఏడు జేమ్స్ బాండ్ సినిమాకి ఒక పాట పాడారు, ముచ్చటగా, పాత గొంతుతో, సూటూ బూటూ వేసుకున్నట్టు. దాన్ని సినిమాలోంచి తీసేశారు. క్యాసెట్టులో మిగిలింది. చూశారా, రేకులు బాదితే ఉంచుకున్నారు, బుద్ధిగా పాడితే పక్కనపెట్టారు. ఇక ఆయన మాంసం కొట్టుకి కబురు పంపడంలో తప్పేముంది?

2015లో బ్రేడీ కోర్బే అనే కుర్ర దర్శకుడు తన మొదటి సినిమా పట్టుకొచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో ఒక పిల్లాడు నియంతగా తయారయ్యే కథ. సినిమా మొదలవడమే పాత న్యూస్‌రీల్ ముక్కలతో, వాటి మీద వాకర్ గారి ఆర్కెస్ట్రాతో. వయొలిన్లు వాయిస్తున్నట్టుండదు, కోస్తున్నట్టుంటుంది. బూట్లు వేసుకుని ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టుంటుంది. మీ పాటలో నియంత శవం, ఈ సినిమాలో నియంత బాల్యం. కథ ఆయన చివరి నుంచి మొదలుపెట్టారన్నమాట. ఈసారి మీ అవసరం రాలేదు. పిల్లాడు ఇంకా ఎవరిచేతా దెబ్బలు తినే దశకి రాలేదుగా.

ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారు, నవ్వగలిగితే. అదే దర్శకుడు 2018లో ‘వాక్స్ లక్స్’ తీశాడు. చిన్న వయసులోనే పాప్ స్టార్ అయిపోయిన ఒక అమ్మాయి కథ. అందులో పాప్ పాటలు సియా అనే గాయని చేసింది. వెనకాల భయం వాకర్ గారు సమకూర్చారు. అభిమానులు తలుపులు బాదితే ఎలా ఉంటుందో ఆ యూనిట్ మొత్తంలో ఆయనకన్నా తెలిసినవాళ్లు ఎవరుంటారు! అయినా పాటలు ఆయన్ని అడగలేదు. ఆయనా ఇస్తాననలేదేమో. ఆయన చేసిన ఆఖరి సినిమా అదే. 2019 మార్చి 22న పోయారు, 76 ఏళ్లకి.

మీ మీద నాకు సానుభూతి లేదనుకోకండి. మిమ్మల్ని చూసి ముక్కు మూసుకున్న పెద్దలకి నేనొక ప్రశ్న వేశాను. మద్దెల మీద ఉన్నదేమిటి? చర్మం. పాతకాలపు వయొలిన్ తీగలు దేనితో చేసేవారు? గొర్రె పేగులతో. కమాను మీద? గుర్రం తోక వెంట్రుకలు. సింఫనీ హాలంటే సగం కబేళా, సూట్లు వేసుకోవడం వల్ల కనబడదు. చర్మాన్ని కొడితే విద్వత్తు, పేగుని గీరితే శాస్త్రీయం, మధ్యలో మాంసాన్ని కొడితే మాత్రం పిచ్చి! ఒక పెద్దాయన మాత్రం ‘అయినా శ్రుతి ఉండాలి కదండీ’ అన్నాడు. ఆలోచించాను. ఆయన అన్నదీ నిజమే, మీకు శ్రుతి లేదు. ఎన్నిసార్లు బిగించినా రాదు.

మీ తర్వాత వచ్చినవాళ్ల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మీరొక్కరే అనుకుని గర్వపడతారు. 2012 ఆల్బమ్‌లో రెండు పెద్ద కత్తుల్ని ఒకదానికొకటి రాపాడించి తాళం వేయించారు. అదే ఆల్బమ్‌లో కడుపులోంచి వెలువడే గాలికి కూడా అవకాశమిచ్చారు. అవును, అదే. 2014లో కొరడా ఝళిపించారు. ఇంత బలగం ఉన్నా పేరు మాత్రం మీకే. సీనియారిటీ అంటే అంతే.

ఇక నా ఫిర్యాదు గట్టిగా నిలబడదని నాకూ తెలుసు. మీరు లేకపోతే ఆ పాట నేను వినేవాణ్ణే కాదు. ‘మాంసం కొట్టే పాట’ అని ఎవరో చెబితేనే వెతికాను. గొంతు బాగుందనో, తీగలు బాగున్నాయనో చెబితే తర్వాత విందాం అని వదిలేసేవాణ్ణి. ఆయన ఇంటర్వ్యూల్లో మీ గురించి అడిగి అడిగి విసిగించిన విలేఖర్లకీ నాకూ తేడా, వాళ్లకి ఎదురుగా ఆయనున్నాడు, నాకు మీరున్నారు.

2024లో కోర్బే తీసిన ‘ద బ్రూటలిస్ట్’ని వాకర్ గారికి అంకితమిచ్చాడు. దానికి సంగీతం చేసిన డేనియల్ బ్లంబర్గ్ కూడా గాయకుడే, ప్రయోగాలు చేసే రకమే. మరుసటి ఏడు ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. వాకర్ గారి గది అల్మరాలో అలాంటి బొమ్మ ఎప్పుడూ లేదు. మీ పేరు ఆ వేదిక మీద ఎవరూ ఎత్తలేదు, బాధపడకండి.

ఇట్లు,
మీ పాట ఆరో నిమిషంలో ఆపేసిన శ్రోత.

తా.క.: ఈ లేఖ నిజానికి ఆయనకి రాద్దామని కూర్చున్నాను. ‘వాకర్ గారికి’ అని రాసి, తర్వాత ఏం రాయాలో తోచక, ముందు మీ దగ్గర మొదలుపెడదాం అనుకున్నాను. కాగితం అయిపోయింది.