మనవాడు కావడానికి ఎన్ని గోల్స్ కొట్టాలి?

వలస వచ్చినవాళ్ల మీద స్థానికులకుండే చిరాకుకు ఆటలే మందని యూరప్ ప్రభుత్వాలు ఏనాటి నుంచో చెబుతున్నాయి. మందైతే చెప్పారు గానీ మోతాదు చెప్పలేదు. ఆ లోటు 2021లో తీరింది. ఈజిప్టు ముస్లిం ఫుట్‌బాలర్ మహమ్మద్ సలా ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్బులో చేరాక, ఆ ఊరున్న మెర్సీసైడ్ ప్రాంతంలో విద్వేష నేరాలు ఉండాల్సినదాని కన్నా 16 శాతం తగ్గాయనీ, ఆ క్లబ్బు అభిమానులు ట్విటర్‌లో ముస్లింలను తిట్టడం సుమారు సగానికి పడిపోయిందనీ నలుగురు పరిశోధకులు లెక్క తేల్చారు.

పరిశోధకులు అక్కడితో ఆగారు. మనం ఆగనక్కర్లేదు. 2017-18 ప్రీమియర్ లీగ్‌లో సలా కొట్టిన గోల్స్ 32. అంటే ఒక శాతం ద్వేషం పోవడానికి రెండు గోల్స్ ఖర్చవుతాయి. మొత్తం పోవాలంటే 200. సీజన్‌కు 38 మ్యాచ్‌లు కాబట్టి మ్యాచ్‌కు ఐదు పైచిలుకు. కాస్త ఎక్కువే, కానీ వలసవాళ్లు ఒళ్లొంచి పనిచేస్తారని స్థానికులే కదా సర్టిఫికెట్ ఇస్తుంటారు.

చిక్కల్లా సలా గోల్స్ కొట్టే ఫార్వర్డ్ కావడమే. డార్ట్‌మండ్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఒక పేట క్లబ్బులో లెఫ్ట్ బ్యాక్ ఆడే సిరియా పిల్లాడి సంగతేమిటి? లెఫ్ట్ బ్యాక్ బాగా ఆడిన రోజున ఏమీ జరగదు. అవతలివాళ్లకు గోల్ రాదు, అంతే. ఏమీ జరగకపోవడాన్ని ఏ శాతంలో కొలవాలి? పైగా ఆ పిల్లాడు సలా కాడు. నూటికి తొంభైమంది పిల్లల్లాగే అంతంతమాత్రం ఆటగాడు. స్థానికుల పిల్లాడు అంతంతమాత్రంగా ఆడితే సరదాకి వస్తున్నాడంటారు. వలస పిల్లాడు అలాగే ఆడితే, ఎవరో ఒక పిల్లాడికి రావలసిన చోటు వీడెందుకు తిన్నాడని ఆరా మొదలవుతుంది. ఇంతవరకు ఏ సమైక్యతా పథకంలోనూ మామూలుగా ఆడే వలస పిల్లాడికి ఒక్క పేరా కేటాయించలేదు.

అందుకే కోచ్‌లు ముందుజాగ్రత్తగా వాణ్ణి మైదానం అంచునుండే వింగ్‌కు పంపుతారు. వేగం వాళ్ల రక్తంలోనే ఉందని శాస్త్రీయంగా నమ్ముతారు. బంతి ఎటు పోవాలో తేల్చే మధ్యచోటుకు తెలివి కావాలి, అది వేరే రక్తం. నల్ల ఆటగాళ్లను మధ్యలోంచి అంచులకు నెట్టడం మీద అమెరికాలో 1970లోనే పరిశోధన వచ్చింది. టీవీ వ్యాఖ్యాతలు వేగాన్నీ బలాన్నీ పొగిడేటప్పుడు ముదురు చర్మం వైపూ, తెలివిని పొగిడేటప్పుడు లేతరంగు వైపూ మొగ్గుతారని 2020లో మళ్లీ తేలింది. యాభై ఏళ్లు నిలబడిన పద్ధతిని ఒక్క కోచ్ మార్చాలనడం అన్యాయం.

వింగ్‌లో ఇంకో సౌకర్యం ఉంది. అక్కడ ఆడేవాడు తల్లిదండ్రులు నిలబడే చోటుకు చేతికందేంత దూరంలో ఉంటాడు. బంతి పోగొట్టుకుంటే వాళ్లేమంటున్నారో స్పష్టంగా వినబడుతుంది. ఇంగ్లండ్‌లో పిల్లల మ్యాచ్‌లకు గీత వెనక తాడు కట్టి పెద్దలను అవతల నిలబెడుతున్నారు. తాడు కాళ్లకే. నోటికి కట్టేది ఇంకా రాలేదు. ఫుట్‌బాలర్ రొమేలు లుకాకుకు పదకొండేళ్లప్పుడు, బెల్జియంలో ఒక పిల్లల మ్యాచ్‌లో, అవతలి జట్టు పిల్లాడి తండ్రి గుర్తింపు కార్డేదీ, ఎక్కడివాడివీ అని నిలదీశాడట. పిల్లాడు పుట్టింది ఆంట్వెర్ప్‌లో. తర్వాత బెల్జియం తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టింది కూడా అతనే. కార్డు చూపడానికి అదొక పద్ధతి, కాకపోతే పదమూడేళ్లు పట్టింది.

కార్డంటే గుర్తొచ్చింది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల 19వ అధికరణం ప్రకారం పరాయి పౌరసత్వమున్న పిల్లాడు పదేళ్లు దాటాక కొత్త దేశంలో మొదటిసారి రిజిస్టర్ కావాలంటే, తల్లిదండ్రులు ఫుట్‌బాల్ కోసం వలస రాలేదని రుజువు చూపాలి. లేదా ఆ దేశంలో వరుసగా ఐదేళ్లు ఉండి ఉండాలి. ఇంకో రెండు మూడు మినహాయింపులూ ఉన్నాయి. నియమం మంచిదే. దళారులు ఆఫ్రికా, లాటిన్ అమెరికా పిల్లలను తెచ్చి క్లబ్బులకు అంటగట్టే దందాను ఆపడానికి పెట్టారు. దీన్ని మీరినందుకే 2014లో బార్సిలోనాకు రెండు విండోల (కొనుగోళ్లకు అనుమతించే గడువుల) పాటు ఆటగాళ్లను కొనకుండా నిషేధం పడింది. కానీ పెద్ద క్లబ్బుకు న్యాయవాదులుంటారు. పేట క్లబ్బుకు ఒక సెక్రటరీ ఉంటాడు, అతనూ రాత్రి భోజనాలయ్యాకే కంప్యూటర్ తీస్తాడు. పిల్లాడి పుట్టిన సర్టిఫికెట్, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, తండ్రి ఉద్యోగ పత్రం, చిరునామా రుజువు, అన్నీ ఒక్క పేరుతో సరిపోవాలి. మన తెలుగువాళ్ల పిల్లలైతే ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒకదాంట్లో వెనక, మూడోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. సెప్టెంబరులో సీజన్ మొదలైతే క్రిస్మస్ నాటికి వీడు వీడేనని తేలుతుంది.

ఇక మనవాడన్న హోదాకు చెల్లుబాటు గడువు. టర్కీ మూలాలున్న ఫుట్‌బాలర్ మెసుట్ ఓజిల్ పుట్టింది జర్మనీలోని గెల్జెన్‌కిర్షెన్‌లో. 2010లో సమైక్యతకు ఆదర్శమని బాంబి అనే మీడియా బహుమతి ఇచ్చారు, 2014లో ప్రపంచ కప్పు తెచ్చాడు. 2018లో టర్కీ అధ్యక్షుడితో ఫొటో దిగాడు, ఆ వెంటనే ప్రపంచ కప్పులో జర్మనీ మొదటి దశలోనే ఇంటికొచ్చింది. గెలిస్తే జర్మన్, ఓడితే వలసవాడిననే అర్థం వచ్చేలా రాసి జులైలో జాతీయ జట్టుకు దండం పెట్టాడు. ఫొటోను విమర్శించడం తప్పేమీ కాదు. విమర్శించిన వాళ్లలో చాలామందికి తాతగారి ఊరు కూడా ఆ రోజే గుర్తుకు రావడం మాత్రం గమనించదగ్గది.

2021 జులై 11న లండన్‌లోని వెంబ్లీలో, ఇంగ్లండ్, ఇటలీ ఆడిన యూరో కప్పు ఫైనల్లో గడువు ఇంకా కుదించారు. ఇంగ్లండ్ నల్ల ఆటగాళ్లలో రాష్‌ఫోర్డ్ పెనాల్టీ స్తంభానికి తగిలింది, సాంచో, సాకా కొట్టినవి ఇటలీ గోలీ ఆపాడు. సాకాకు అప్పటికి పంతొమ్మిదేళ్లు. ముగ్గురూ ఇంగ్లండ్‌లోనే పుట్టారు, అయినా రాత్రికి రాత్రి ఫోన్లలో బూతులు, వెళ్లిపొమ్మనే ఉత్తర్వులు. పెనాల్టీ స్థానం గోల్‌కు 11 మీటర్ల దూరం. పౌరసత్వం రద్దు చేసే కార్యాలయం ప్రపంచంలో ఇంత దగ్గరలో ఇంకెక్కడా లేదు.

క్రికెట్లో ఈ పరీక్ష ఇంకా పాతది. 1990లో బ్రిటన్ నేత నార్మన్ టెబిట్, ఆసియా నుంచి వచ్చినవాళ్లు ఏ జట్టును ప్రోత్సహిస్తారో చూసి విధేయత తేల్చమన్నాడు. మనవాళ్లూ తక్కువ తినలేదు. 2023 అండర్-19 మహిళల ప్రపంచ కప్పులో అమెరికా కెప్టెన్ గీతిక కొడాలి అనగానే మనమ్మాయి అయిపోయింది. ఆ జట్టులో పన్నెండో అమ్మాయి ఇంటిపేరు ఎవరికి కావాలి?

చివరిగా ఇరాక్ అనుభవం. ఐసిస్ దెబ్బకు ఇళ్లు వదిలిన క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్లను కలిపి ఒక సీజన్ ఆడించారు. 2020లో ఫలితాలొచ్చాయి. ముస్లింలతో ఆడినవాళ్లు తర్వాతి సీజన్‌కు మళ్లీ కలిసి ఆడతామన్నారు, ఆరు నెలల తర్వాతా కలిసి సాధన చేశారు. ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లో భోజనానికి వెళ్లడంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంటే మందు మైదానం గీత దాకా బ్రహ్మాండంగా పనిచేస్తోంది, గీత దాటితే వీగిపోతోంది.

పరిష్కారం తేలిక. గీతను జరపడమే. అంతర్జాతీయ మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 వెడల్పు, చుట్టూ 346 మీటర్ల సున్నపు గీత. దీన్నే కాస్త సాగదీసి బస్టాపు, బడి, అద్దె ఇళ్లు, ఉద్యోగాల ఆఫీసు లోపలికి వచ్చేలా ఊరి చుట్టూ గీయించాలి. సున్నం ఖర్చు మున్సిపాలిటీ భరించాలి. గీత వెడల్పు నిబంధనల ప్రకారం 12 సెంటీమీటర్లు దాటకూడదు. గీత మీదున్న బంతి లోపలున్నట్టే లెక్క. గీత మీద నిలబడ్డ మనిషిదీ అదే లెక్కా కాదా అన్నది హోం శాఖ విడిగా సర్క్యులర్ ఇస్తుంది.