చిమ్మిలి ఉండ, కంప్యూటర్ స్కోరు

కోనసీమలో ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే ముందు రోట్లో పడేవి నువ్వులే. బెల్లం వేసి దంచేకొద్దీ నూనె ఊరి, ముద్ద రోకలికి అంటుకుంటుంది. ఆ చిమ్మిలి తింటే నడుముకూ గర్భసంచికీ బలమని పెద్దవాళ్ల మాట. అందులో నిజమెంతో చూడాలని ఎం.ఫార్మసీ చదివే పిల్లకు అనిపిస్తే, ఇవాళ మొదలుపెట్టడానికి ఒక ల్యాప్‌టాప్ చాలు.

గర్భసంచి మీద పనిచేసే ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్. అది ఒంట్లో వెళ్లి అతుక్కునే ప్రోటీన్‌ను ఈస్ట్రోజన్ రిసెప్టర్ అంటారు. అందులో హార్మోన్ కూర్చునే గుంట ఆకారం 1997లోనే తెలిసింది. మొక్కలోని పదార్థాన్ని ఆ గుంటలో రకరకాలుగా తిప్పి పెట్టి, ఎంత గట్టిగా అతుక్కుంటుందో ప్రోగ్రామ్ లెక్క కట్టి స్కోరు ఇస్తుంది. స్కోరు ఎంత మైనస్‌లో ఉంటే అంత గట్టిగా అతుక్కున్నట్టు. దీన్నే డాకింగ్ అంటారు. ఆటోడాక్ వీనా లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. మన ఔషధ మొక్కల్లోని పదార్థాల వివరాలు చెన్నై శాస్త్రవేత్తలు తయారుచేసిన ఇంపాట్ డేటాబేస్‌లో దొరుకుతాయి. పెద్ద ల్యాబులు లేని మన డెల్టా కాలేజీలకు ఇది నిజంగా వరం.

నా బాధల్లా ఆ స్కోరును సర్టిఫికెట్‌లా చూపించడం గురించే. వీనా స్కోరు మోల్‌కు ఇన్ని కిలోకేలరీలని ఉంటుంది; అందులో సుమారు 2.85 కిలోకేలరీల పొరపాటు ఉండొచ్చని దాన్ని తయారుచేసినవాళ్లే 2010 నాటి వ్యాసంలో రాశారు. 1.4 కిలోకేలరీల తేడా ఉంటేనే అతుక్కునే బలం పది రెట్లు మారిపోతుంది. అలాంటప్పుడు మైనస్ 9.1 వచ్చింది మైనస్ 8.6 వచ్చినదాని కన్నా మేలని ఎలా అంటాం?

పైగా అతుక్కున్నంత మాత్రాన హార్మోన్‌లా పనిచేస్తుందని కాదు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ మందు కూడా ఆ గుంటలోనే కూర్చుని, రొమ్ములో ఈస్ట్రోజన్‌ను అడ్డుకుంటుంది. గర్భసంచిలో మాత్రం ఈస్ట్రోజన్‌లాగే పనిచేస్తుంది.

చిమ్మిలి విషయంలో అసలు చిక్కు పేగుల్లో ఉంది. నువ్వుల్లోని సెసామిన్ అనే పదార్థాన్ని అక్కడి బ్యాక్టీరియా ఎంటెరోలాక్టోన్ అనే మరో పదార్థంగా మారుస్తుంది. కాస్తో కూస్తో ఈస్ట్రోజన్ గుణం ఉన్నది దానికి. సెసామిన్ ఒక్కదానికే డాకింగ్ చేస్తే, ఒంట్లో తిరిగేదాన్ని వదిలేసినట్టే. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు ఈనడం బాగా పడిపోయింది. గడ్డిలో ఉన్న ఫార్మోనొనెటిన్ అనే పదార్థానికి ఈస్ట్రోజన్ గుణం చాలా తక్కువ. గొర్రె కడుపులో ఈక్వాల్ అనే, ఆ గుణం ఎక్కువున్న పదార్థంగా మారాకే కొంప ముంచింది. సోయా తిన్న మనుషుల్లోనూ ఈక్వాల్ తయారయ్యేది కొందరికే. ఆ తేడా ఏ స్కోరులోనూ కనిపించదు.

అందుకే ప్రాజెక్టు చేయించే మాస్టార్లను నేను కోరేది ఒకటే. మారిన పదార్థాలకు కూడా డాకింగ్ చేయించండి. అతుక్కోవని ముందే తెలిసినవాటినీ కలిపి, ప్రోగ్రామ్ వాటిని పక్కన పెడుతుందో లేదో చూడండి. కణాల మీద, ఆ తర్వాత ఎలుకల గర్భసంచి బరువు పెరుగుతుందో లేదో పరీక్ష జరిగేదాకా "ఈస్ట్రోజన్ గుణం ఉంది" అని రాయనివ్వకండి.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషనై టామోక్సిఫెన్ వాడుతున్న మా పెద్దమ్మ, మొన్న సంతలో పిల్లితేగల (శతావరి) పొడి డబ్బా కొనుక్కొచ్చింది. "ఆడవారి హార్మోన్లకు, సైంటిఫిక్‌గా పరీక్షించినది" అని డబ్బా మీద ఉంది. ఏం పరీక్షో, ఎవరి మీదో ఎక్కడా లేదు. "మొక్కే కదరా, ఏం చేస్తుంది?" అంది. డబ్బా పట్టుకుని డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాను. ముందు అది ఆపెయ్యమన్నారు.